ఇంటి రికార్డింగుల్లోంచి ఫ్యాన్ హోరు, కరెంటు రొద తీసేయడం ఎలా: పెద్దవాళ్ల పాటలు, కబుర్లు దాచుకునేవారి కోసం

అమ్మమ్మ పాడే మంగళహారతి, తాతయ్య చెప్పే ఊరి సంగతులు, మేనత్తకు మాత్రమే వచ్చిన పెళ్లిపాట. ఇలాంటివి ఇప్పుడు చాలా ఇళ్లలో ఎవరో ఒకరి ఫోన్లో ఉంటున్నాయి. ఎదురుగా కూర్చుని విన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం ఫ్యాన్ హోరు, ఫ్రిజ్ గుయ్యిమనే చప్పుడు, వీధిలో బండివాడి మైకు గొంతు మీదికి ఎక్కి వినిపిస్తాయి. మన మెదడు ఎదుటి మనిషి మాట మీదే ధ్యాస పెట్టి మిగతాది పక్కకు నెట్టేస్తుంది. మైకు అలా చేయదు, గదిలో ఉన్నదంతా ఒకేలా పట్టుకుంటుంది.

ఈ రొదను చాలావరకు తగ్గించుకోవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. కానీ మొదలుపెట్టే ముందు ఒక మాట మనసులో గట్టిగా పెట్టుకోండి. మనం కాపాడుకుంటున్నది గొంతును. వెనక కాస్త హోరు మిగిలితే వినేవాళ్లు రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతారు. గొంతులో ఒక అక్షరం అరిగిపోతే దానికి అలవాటు పడలేరు. ఈ వ్యాసంలో చెప్పిన ప్రతి అంకె, ప్రతి సెట్టింగూ ఈ లెక్క మీదే ఎంచుకున్నవి.

పని కోసం ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడదాం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2000లో బయటికి వచ్చిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కింద చెప్పిన మెనూ పేర్లు మూడో వెర్షన్‌లో కనిపించేవి. పాత వెర్షన్ ఉంటే ఎఫెక్ట్‌లు ఉపమెనూలు లేకుండా ఒకే వరుసలో ఉంటాయి, పేర్లు మాత్రం దాదాపు అవే.

ముందు రొద ఏ రకమో తేల్చుకోండి

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ మొత్తం ఒకసారి వినండి. ఏ చప్పుడు ఎక్కడ వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది విసుగనిపించే పనే, కానీ దీన్ని దాటేసినవాళ్లే తర్వాత గంటల తరబడి తప్పు మందు వాడుతూ ఉంటారు.

మొదటిది ఆగకుండా ఒకేలా ఉండే హోరు: ఫ్యాను, ఏసీ, ఎయిర్ కూలర్, కేసెట్ బుస. ఇది తీయడం తేలిక. రెండోది కరెంటు గుయ్: ఒకే స్థాయిలో ముతకగా వినిపించే జుమ్మనే ధ్వని. దీనికి వేరే పద్ధతి ఉంది. మూడోది వచ్చిపోయే చప్పుళ్లు: కుక్కర్ విజిల్, మిక్సీ, గిన్నె పడిన శబ్దం, కోయిల, కుక్క. వీటిని ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయాలి. నాలుగోది గది మోత. గ్రానైట్ లేదా టైల్స్ నేల, ఖాళీ గోడలు, స్లాబు ఉన్న హాల్లో మాట్లాడితే వచ్చే ప్రతిధ్వని ఇది. దీన్ని మామూలు రొద తీసే సాధనాలు పట్టుకోలేవు. అది బయటి చప్పుడు కాదు, అదే గొంతు గోడలకు తగిలి ఆలస్యంగా మళ్లీ వచ్చింది. గొంతుకూ దానికీ తేడా ఏమిటో వాటికి తెలియదు.

ఇంకా రికార్డు చేయాల్సి ఉంటే

ఇప్పటికే అయిపోయిన రికార్డింగ్ బాగుచేయడానికి వచ్చినవాళ్లు కూడా ఇది చదవండి. మళ్లీ పాడించుకునే అవకాశం ఉంటే అంతకన్నా మంచి మార్గం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం దూరం. ఫోను నోటికి ఎంత దగ్గరుంటే గొంతు అంత బలంగా పడుతుంది, గది రొద మాత్రం ఎక్కడున్నా ఇంచుమించు అంతే ఉంటుంది. దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) పెరుగుతుంది. మూర అంటే రెండు జానలు కదా. మూరెడు దూరంలో ఉన్న ఫోన్ను జానెడు దూరానికి తెచ్చారంటే ఆ 6 డెసిబెల్స్ మీ చేతికి వచ్చినట్టే. ఆడాసిటీ కొత్త వెర్షన్లలో రొద తగ్గించే ఎఫెక్ట్ తనంతట తాను చూపించే అంకె కూడా 6 డెసిబెల్సే. ఆ ఎఫెక్ట్ ఎంతో కొంత గొంతును కొరుకుతుంది, ఫోన్ను జరపడం కొరకదు. అయితే సరిగ్గా నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి. లేకపోతే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా గాలి మైకుకు కొట్టి ఢబ్బుమంటుంది.

ఫోను కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. నేరుగా బల్ల మీద పెడితే బల్ల అదురంతా రికార్డవుతుంది. గది మోతకు మందు బట్టలే. మంచం ఉన్న గది హాలు కన్నా నయం. బట్టల బీరువా తలుపులు తీసి, కిటికీకి దుప్పటి వేలాడదీసి, నేల మీద బొంత పరిస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఫ్యాన్ ఆపేయమని చెప్పడం తేలికే. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఎనభై ఏళ్ల మనిషిని ఫ్యాన్ లేకుండా కూర్చోబెట్టడం మాత్రం భావ్యం కాదు. తెల్లవారుజామున రికార్డు చేసుకోండి, చల్లగానూ ఉంటుంది, వీధీ సద్దుమణిగి ఉంటుంది. లేదా ఒక పాట పాడేంతసేపు ఆపి, మళ్లీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇంకో పాటకు ఆపండి. ఫ్యాన్ తప్పనిసరైతే గాలి నేరుగా ఫోను మీదికి రాకుండా చూడండి. మైకుకు తగిలే గాలి ఫ్యాన్ చప్పుడు కన్నా ఎక్కువ పాడుచేస్తుంది. పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు తక్కువ స్పీడులో మోటారు జుమ్మనేలా చేస్తాయి. అలాంటి ఇంట్లో ఏ స్పీడులో జుమ్మనడం తక్కువో తిప్పి చూసుకోండి.

లాప్‌టాప్‌లో మైకు పెట్టి రికార్డు చేస్తుంటే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో కరెంటు గుయ్‌లో పెద్ద భాగం ఆ ఒక్క పనితో మాయమవుతుంది.

ఇక చాలామంది మరిచిపోయేది: రికార్డు బటన్ నొక్కాక పది సెకన్లు ఎవరూ మాట్లాడకండి. గాజులు, చీర చప్పుడు, కుర్చీ కిర్రుమనడం కూడా లేకుండా ఖాళీ గదిని రికార్డు కానివ్వండి. రొద తీయడానికి మనకు కావలసిన నమూనా అదే.

రికార్డర్ యాప్‌లో క్వాలిటీ ఎంచుకునే వీలుంటే వేవ్ ఫార్మాట్ పెట్టండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌కైతే సెట్టింగ్స్‌లో లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ పోకుండా దాచేది) అని ఉంటుంది. కొన్ని యాప్‌లలో శబ్దాన్ని తనంతట తాను పెంచి తగ్గించే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది ఉంటే పాడేవాళ్లు ఊపిరి తీసుకునే విరామంలో యాప్ వాల్యూమ్ పెంచేస్తుంది, హోరు ఉబ్బుతుంది. మళ్లీ పాడగానే తగ్గిస్తుంది. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండే హోరు ఒకే నమూనాకు లొంగదు.

ఫైలును కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపించుకోకండి. అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది, ఆ కుదింపులో పోయింది మళ్లీ రాదు. కేబుల్‌తో గానీ, డ్రైవ్‌లో పెట్టి గానీ అసలు ఫైలునే తెచ్చుకోండి. వాట్సాప్ తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోన్ ఫైలు ఎం4ఏ అయితే విండోస్‌లో ఆడాసిటీ దాన్ని తెరవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీ అడుగుతుంది. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

తెరవగానే చేయాల్సిన మొదటి పని అసలు ఫైలుకు నకలు తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టడం. దాన్ని ఇక ముట్టుకోవద్దు. రొద తీసే పరికరాలు ఏటికేడాది మెరుగవుతున్నాయి. ఇవాళ తీయలేనిది ఐదేళ్ల తర్వాత తీయగలగొచ్చు, కానీ అప్పటికి అసలు రికార్డింగ్ ఉంటేనే.

ముందు అడుగున ఉండే రొదను, కరెంటు గుయ్‌ను తీయండి

వరుస ముఖ్యం. అడుగున ఉండే ముతక శబ్దాలను ముందే తీసేస్తే తర్వాతి పని తేలికవుతుంది.

ట్రాక్ మొత్తం ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో ఈక్యూ అండ్ ఫిల్టర్స్, దానిలో హై పాస్ ఫిల్టర్ తెరవండి. మనం చెప్పిన స్థాయి కన్నా కిందున్న శబ్దాలను అది తీసేస్తుంది, ఆ స్థాయిని సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే హెర్ట్జ్‌లలో ఇవ్వాలి. ఆడగొంతు అయితే 100 హెర్ట్జ్, మగగొంతు అయితే 70 నుంచి 80 హెర్ట్జ్ పెట్టండి. కోత ఎంత నిటారుగా ఉండాలో చెప్పే రోలాఫ్ దగ్గర 24 డెసిబెల్స్ ఎంచుకోండి. దూరంగా పోయే లారీ, బల్ల అదురు, మైకుకు తగిలిన గాలి చాలావరకు దీంతోనే పోతాయి. ఆ కింద మనిషి గొంతు ఉండదు కాబట్టి నష్టం ఏమీ లేదు.

కరెంటు గుయ్ ఉంటే అదే ఉపమెనూలో నాచ్ ఫిల్టర్ ఉంటుంది, అది ఒక్క స్థాయి దగ్గరి శబ్దాన్నే కోస్తుంది. మన దేశంలో కరెంటు దిశ మారి మళ్లీ మొదటికి రావడం సెకనుకు 50 సార్లు జరుగుతుంది కాబట్టి గుయ్ 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలైన 100, 150, 200 దగ్గర పోగుపడుతుంది. ఆ పెట్టెలో ముందే కనిపించే 60 అమెరికా కరెంటు లెక్క. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో కొడుకింటికి వెళ్లిన అమ్మానాన్నలను అక్కడ రికార్డు చేసి ఉంటే 60, 120, 180 వాడాలి. ఇక్కడ చేసినదైతే మార్చి 50 పెట్టండి. క్యూ అనే అంకె ఎంత పెద్దదైతే కోత అంత సన్నగా ఉంటుంది. 50 దగ్గర క్యూ 10 సరిపోతుంది. 100, 150 దగ్గర మాత్రం 30 దాకా పెంచండి, ఎందుకంటే మగవాళ్ల గొంతు అసలు స్థాయి ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఒక్కొక్కటి వేసి విని, గుయ్ పోయిందనిపించగానే ఆపేయండి. అన్ని గుణిజాలూ కోయాలనే నియమమేమీ లేదు.

హోరు తీయడం: అసలు పని ఇక్కడ

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే అంకెలు ఎందుకు మారుస్తున్నామో అర్థమవుతుంది. ముందు నమూనా రొదను కొలిచి, తర్వాత మొత్తం శబ్దంలోంచి దాన్ని తీసివేయడమనే ఆలోచనను 1979లో స్టీవెన్ బోల్ ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ఆడాసిటీ చేసేది దానికి దగ్గరి పద్ధతి. శబ్దాన్ని సెకనులో ఇరవయ్యో వంతు కన్నా చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను సన్నని స్థాయిల వరుసలుగా విడదీస్తుంది. ఏ వరుసలో శబ్దం నమూనా హోరుకు మించి లేదో ఆ వరుసను తగ్గిస్తుంది, మించి ఉంటే వదిలేస్తుంది. అంటే గొంతు ఏదో, హోరు ఏదో దానికి తెలియదు. బలం ఒక్కటే చూస్తుంది. గొంతులో మెత్తగా పలికే చోటల్లా అది హోరని పొరబడే ప్రమాదం ఇందువల్లే.

1. ట్రాక్‌లో ఎవరూ మాట్లాడని చోట ఒకటి రెండు సెకన్లు ఎంచుకోండి. ముందు వదిలిన పది సెకన్లుంటే అక్కడే. లేకపోతే రెండు చరణాల మధ్య విరామం వెతకండి. అందులో ఊపిరి గానీ, గాజుల చప్పుడు గానీ ఉండకూడదు.
2. ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిమూవల్ అండ్ రిపేర్, దానిలో నాయిస్ రిడక్షన్ తెరిచి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. పెట్టె మూసుకుంటుంది, నమూనా గుర్తుండిపోతుంది.
3. కంట్రోల్, ఏ నొక్కి ట్రాక్ మొత్తం ఎంచుకోండి.
4. మళ్లీ అదే ఎఫెక్ట్ తెరవండి. నాయిస్ రిడక్షన్ దగ్గర 6, సెన్సిటివిటీ దగ్గర 6, ఫ్రీక్వెన్సీ స్మూతింగ్ దగ్గర 6 పెట్టండి. పాట అయితే స్మూతింగ్ 0 నుంచి 3 మధ్య ఉంచండి.
5. ఓకే నొక్కే ముందు కింద రెసిడ్యూ అనే గుండ్రటి బటన్ ఎంచుకుని ప్రివ్యూ వినండి.

ఈ ఐదో అంశం మీద కాసేపు ఆగాలి. రెసిడ్యూ అంటే తీసిపారేయబోతున్న భాగం. అందులో వట్టి హోరే వినిపించాలి. ఒక ఉదాహరణ చూడండి. అమ్మమ్మ ‘శ్రీశైలవాసా’ అని ఎత్తుకుంది, వెనక ఫ్యాను. రిడక్షన్ 24 పెట్టి రెసిడ్యూ వింటే హోరుతో పాటు సన్నగా ‘శ్... శ్... స్’ అని అక్షరాల చివరలు వినిపిస్తాయి. స, శ, ష పలికేటప్పుడు నోట్లోంచి వచ్చేది కూడా గాలి హోరే కదా, సాఫ్ట్‌వేర్ వాటిని ఫ్యాను ఖాతాలో వేసేసింది. ఆ సెట్టింగుతో ఓకే కొడితే ‘శ్రీశైలం’ కాస్తా ‘రీఐలం’ వైపు జారిపోతుంది. రిడక్షన్ 12కు, తర్వాత 9కి తగ్గించుకుంటూ రండి. రెసిడ్యూలో అక్షరాల ఆనవాలు ఎక్కడ ఆగిపోతుందో అదే మీ రికార్డింగ్‌కు సరైన అంకె. సెన్సిటివిటీని కూడా ఇలాగే దించి చూడండి. పాటల్లో పాదం చివర సాగదీసి మెల్లగా తగ్గించే చోటు ఇంకో పరీక్ష. ఎక్కువ తీస్తే ఆ సాగదీత మధ్యలోనే కత్తిరించినట్టు ఆగిపోతుంది.

6. సంతృప్తి కలిగాక రెసిడ్యూ తీసి రిడ్యూస్ ఎంచుకుని ఓకే నొక్కండి. రిడ్యూస్‌కు మార్చడం మరిచిపోతే గొంతు పోయి హోరు మిగులుతుంది. అలా జరిగితే కంట్రోల్, జెడ్.

ఇంకా హోరు ఎక్కువగానే ఉంటే ఒకేసారి 18 పెట్టకండి. శుభ్రమైన ట్రాక్‌లోంచి కొత్తగా నమూనా తీసుకుని మళ్లీ 6తో ఇంకోసారి నడపండి. రెండు చిన్న అడుగులు ఒక పెద్ద అడుగు కన్నా గొంతుకు తక్కువ హాని చేస్తాయి. హద్దు దాటితే తెలిసిపోతుంది: వెనకాల చిరుగజ్జెలు మోగినట్టు కిచకిచలు మొదలవుతాయి, లేదా నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. కిచకిచలైతే స్మూతింగ్ కొంచెం పెంచి చూడండి. నీళ్ల గొంతు అయితే వెనక్కి వెళ్లి రిడక్షన్ తగ్గించడమే.

రికార్డింగ్ మధ్యలో ఫ్యాన్ స్పీడు మారినా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినా అక్కడి నుంచి హోరు వేరు. ట్రాక్‌ను ఆ చోట రెండు భాగాలుగా లెక్కేసుకుని, ఏ భాగానికి ఆ భాగంలోని నమూనాయే వాడండి.

శ్రుతి పెట్టె ఉంటే జాగ్రత్త

శ్రుతి పెట్టె గానీ, ఎలక్ట్రానిక్ తంబురా గానీ పెట్టుకుని పాడిన రికార్డింగ్ అయితే నమూనా తీసే చోట శ్రుతి వినిపించకూడదు. శ్రుతి కూడా ఆగకుండా ఒకేలా ఉండే ధ్వనే కాబట్టి, నమూనాలో అది ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్నీ రొద అనుకుంటుంది. శ్రుతి పల్చబడి, దాంతోపాటు అదే స్వరం మీద నిలిచిన గొంతు కూడా పల్చబడుతుంది. పాడేవాళ్లు ఎక్కువసేపు నిలిచేది షడ్జం మీదా పంచమం మీదా కాబట్టి పాటకు ప్రాణమైన చోట్లే దెబ్బతింటాయి. కొత్తగా రికార్డు చేస్తుంటే శ్రుతి పెట్టక ముందే పది సెకన్ల ఖాళీ వదలండి. పాతదైతే శ్రుతి ఆపేశాక రికార్డింగ్ ఆపేలోపు ఉండే చిన్న ముక్క వెతకండి, అర సెకను దొరికినా చాలు. అదీ లేకపోతే హై పాస్ ఫిల్టర్‌తో సరిపెట్టుకుని నాయిస్ రిడక్షన్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కుక్కర్ విజిల్, కోయిల, గిన్నెల చప్పుడు

ట్రాక్ పేరు దగ్గరున్న మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకుంటే శబ్దం బొమ్మగా కనిపిస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి, బలం ఉన్న చోట వెలుగు. మనిషి గొంతు ఒకదాని మీద ఒకటి పేర్చిన అలల గీతల్లా ఉంటుంది. గమకం వేసిన చోట ఆ గీతలన్నీ కలిసి ఊగుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. కుక్కర్ విజిల్ పైభాగంలో ఉన్నట్టుండి వెలిగే పట్టీ. కోయిల కూత వాలుగా పైకి లేచే గీత.

విజిల్ గొంతు కన్నా పైస్థాయిలో విడిగా కనిపిస్తే ఆ పట్టీ చుట్టూ మౌసుతో ఒక పెట్టెలా ఎంచుకుని, ఎఫెక్ట్స్‌లో స్పెక్ట్రల్ ఎడిట్ మల్టీ టూల్ వాడండి. ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న స్థాయిలో ఉన్నది మాత్రమే తగ్గుతుంది. గొంతు గీతల మీద విజిల్ పడి ఉంటే పూర్తిగా తీయలేరు, తగ్గించగలరంతే.

మాటల మధ్య ఖాళీలో పడిన చప్పుడుకు ఇంత శ్రమ అక్కర్లేదు. అదే ట్రాక్‌లో నిశ్శబ్దంగా ఉన్న చోటి నుంచి అంతే నిడివి ముక్క కాపీ చేసి, చప్పుడు ఉన్న చోటును ఎంచుకుని పేస్ట్ చేయండి. సైలెన్స్ ఆడియోతో పూర్తి నిశ్శబ్దం పెట్టకండి. గది హోరు ఒక్కసారిగా ఆగిపోతే చెవికి అది చప్పుడు కన్నా ఎక్కువ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. శబ్దం తగ్గగానే దాన్ని పూర్తిగా మూసేసే నాయిస్ గేట్ అనే ఎఫెక్ట్ కూడా సరిగ్గా ఈ కారణంతోనే పెద్దవాళ్ల కబుర్లకు పనికిరాదు. వాళ్లు ఆగి ఆగి మాట్లాడతారు, ఆగినప్పుడల్లా గది మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతూ ఉంటుంది.

ఇంకో మాట. ప్రతి చప్పుడూ తీయాల్సిందే కాదు. తాతయ్య మాట్లాడుతుంటే వెనక నాన్నమ్మ ‘కాఫీ తాగి చెప్పండి’ అనడం, పెరట్లో ఆవు అరవడం, గోడ గడియారం గంట కొట్టడం, ఇవన్నీ ఆ ఇంటి గుర్తులు. మాట అర్థం కావడానికి అడ్డం రాకపోతే ఉండనివ్వండి.

పాత కేసెట్లయితే

టేపు బుస కూడా ఆగని హోరే, పై పద్ధతి దానికి చక్కగా పనిచేస్తుంది. కానీ కేసెట్‌ను స్పీకర్‌లో మోగించి ఫోన్లో పట్టకండి, గది మోత కూడా చేరుతుంది. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కేబుల్ వేసి కంప్యూటర్ లైన్ ఇన్‌కు కలపండి. ముందుగా హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి, సగం మసక అక్కడే పోతుంది. నమూనా కోసం కేసెట్ తిరుగుతుండగా పాటకు ముందుండే ఖాళీ టేపు శబ్దం తీసుకోవాలి, ఆగి ఉన్న టేప్ రికార్డర్ శబ్దం కాదు.

ఏఐ పరికరాల సంగతి

అడోబీ పాడ్‌కాస్ట్ వెబ్‌సైట్‌లోని ఎన్‌హాన్స్ స్పీచ్ లాంటివి, ఆడాసిటీకి ఇంటెల్ ఇచ్చిన ఓపెన్‌వినో ప్లగిన్‌లోని నాయిస్ సప్రెషన్ లాంటివి ఒక్క నొక్కుతో హోరు తీసేస్తాయి. గది మోతను కూడా కొంత తగ్గించగలిగేవి ఇవే. కబుర్ల రికార్డింగులకు వాడి చూడండి, తప్పులేదు. పాటలకు వద్దు. ఇవి మాటల కోసం తయారైనవి, శ్రుతినీ చప్పట్ల తాళాన్నీ రొదగా చూస్తాయి, గమకాలను చదును చేస్తాయి.

మాటల విషయంలోనూ పళ్లు లేని నోటి పలుకు, గట్టి యాస ఉన్న చోట ఫలితాన్ని అసలుతో పక్కపక్కన పెట్టి వినాలి. స్పష్టంగా లేని అక్షరాన్ని అది వేరే అక్షరంలా దిద్దేస్తే వినడానికి నున్నగా ఉంటుంది, కానీ ఆ మనిషి అన్న మాట అది కాదు. నేను సలహా ఇచ్చేదేమిటంటే శుభ్రమైన ట్రాక్ కింద అసలు ట్రాక్‌ను కూడా పెట్టి, దాన్ని బాగా తగ్గించి రెండూ కలపండి. రెండూ ఒకే క్షణంలో మొదలయ్యేలా సరిచూసుకోవాలి, లేకపోతే ప్రతిధ్వని వస్తుంది. ఆ కొద్దిపాటి గది హోరుతో గొంతుకు మళ్లీ సహజత్వం వస్తుంది. వెబ్‌సైట్లకు పంపే ముందు ఇంటి గుట్టు ఏమైనా ఆ కబుర్లలో ఉందేమో కూడా చూసుకోండి. ప్లగిన్ అయితే మీ కంప్యూటర్‌లోనే పని జరుగుతుంది.

చివరిగా వాల్యూమ్

వాల్యూమ్ పెంచడం ఎప్పుడూ రొద తీశాకే. ఎఫెక్ట్స్‌లో వాల్యూమ్ అండ్ కంప్రెషన్ కింద లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి -16 పెట్టండి, పాడ్‌కాస్ట్‌లకు వాడే స్థాయి అదే. కంప్రెసర్ వాడితే తక్కువగా వాడండి, మెత్తటి శబ్దాలను పైకి లాగుతుంది కాబట్టి మీరు తగ్గించిన హోరునూ తిరిగి లేపుతుంది.

ఎంత శుభ్రమైతే చాలు అన్న ప్రశ్నకు ఒక కొలత ఉంది. ఏసీఎక్స్ అనే ఆడియోబుక్ సంస్థ నిశ్శబ్దంలో రొద -60 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉండాలంటుంది. ఆడియోబుక్ చేసేవాళ్లకు అది తప్పదు. ఇంట్లో దాచుకునే రికార్డింగ్‌కు ఆ అంకె కోసం పాకులాడి గొంతును బలిపెట్టకండి.

విన్నప్పుడు మూడు చోట్ల వినండి: హెడ్‌ఫోన్స్‌లో, ఫోన్ స్పీకర్‌లో, కారులో. కాసేపు విరామమిచ్చి, వీలైతే మర్నాడు వినండి. ఒకే ముక్కను పదేపదే విన్న చెవికి తేడాలు తెలియవు. ఆ ఇంటి మనిషి ఇంకొకరికి, ముందు ఏమీ చెప్పకుండా, వినిపించి ‘ఎవరిది ఈ గొంతు’ అని అడగండి. క్షణం ఆలోచించకుండా పేరు చెప్పారంటే పని సరిగ్గా జరిగినట్టే. ఆలోచిస్తే ఎక్కువ తీసేశారని అర్థం.

దాచుకోవడానికి వేవ్ ఫార్మాట్‌లో, బంధువులకు పంపడానికి ఎంపీ3లో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, సంవత్సరం, పాట ఎత్తుగడ ఉండాలి. వాడిన సెట్టింగులు కూడా ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి, అసలు రికార్డింగ్ పక్కనే పెట్టండి. ఆ ఫోల్డర్‌కు ఇంకో నకలు వేరే హార్డ్‌డిస్క్‌లోనో, ఇంకొకరింట్లోనో ఉంచండి.